స్పే నదిలో సాల్మన్, ట్రౌట్: ఒకే ఏటిలో రెండు రకాల గాలపు వేట

గోదావరికి ఎర్రనీరు తగిలే రోజుల్లో సముద్రంలోని ఇలస ఏటికి ఎదురీది వచ్చి పులస అవుతుందని మనకు తెలిసిందే. స్కాట్లాండ్ నదుల్లో సాల్మన్ చేసే ప్రయాణం కూడా అదే బాపతుది. అది ఏటి ఎగువన గులకరాళ్ల మధ్య పుడుతుంది, రెండు మూడేళ్లు అక్కడే పెరుగుతుంది, ఉత్తర అట్లాంటిక్‌కు వెళ్లి బలుస్తుంది, గుడ్లు పెట్టే వేళకు మళ్లీ తాను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. పోలిక అక్కడితో సరి. పులసను వలవేసి పట్టి వేల రూపాయలకు అమ్ముతారు. స్కాట్లాండ్‌లో గాలంతో పట్టిన సాల్మన్‌ను అమ్మడం 2002 నుంచి నేరం, పట్టినవాటిలో నూటికి తొంభైకి పైగా తిరిగి ఏటిలోకే పోతాయి.

ఈ మార్గదర్శికి స్పే నదిని ఎంచుకున్నాను. టే, ట్వీడ్, డీలతో పాటు స్కాట్లాండ్‌లోని నాలుగు పెద్ద సాల్మన్ నదుల్లో ఇది ఒకటి. కెయిర్న్‌గార్మ్ కొండల మంచునీటిని కలుపుకొని గ్రాంటౌన్, అబర్లౌర్, ఫోకబర్స్ ఊళ్ల మీదుగా మోరే ఫర్త్ అనే సముద్రపు పాయలో కలిసేదాకా దీని వడి తగ్గదు. రెండు చేతులతో గాలం విసిరే ఒక పద్ధతికి పేరిచ్చింది కూడా ఈ ఏరే.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో నాటుకోవాలి. సాల్మన్ ఏటిలో అడుగుపెట్టాక తిండి మానేస్తుంది. అదే ఏటిలో ఉండే బ్రౌన్ ట్రౌట్ మాత్రం ఎప్పుడూ తింటూనే బతుకుతుంది. ఒకదానికి ఆకలి లేదు, రెండోదానికి ఆకలే జీవితం. అందుకే ఒకదానికి దిగువకు విసరాలి, మరొకదానికి ఎగువకు. ఒకటి ఎరను అందుకున్నప్పుడు గాలపు కర్ర (రాడ్) ఎత్తకూడదు, మరొకటి అందుకున్నప్పుడు ఎత్తాలి. కొత్తవారు చేసే తప్పుల్లో సగం ఈ రెంటినీ కలగలపడం వల్ల వచ్చేవే.

మొదటి అడుగు: అనుమతి, కాలం

ఇంగ్లండ్‌లో మాదిరిగా స్కాట్లాండ్‌లో ప్రభుత్వ రాడ్ లైసెన్సు లేదు. సరిహద్దున ఉన్న బోర్డర్ ఎస్క్ ఒక్కటే దీనికి మినహాయింపు. అంత మాత్రాన ఏరు అందరిదీ అనుకోకూడదు. సాల్మన్ పట్టే హక్కు గట్టు మీది భూమితో సంబంధం లేకుండా విడిగా కొనుక్కోదగిన ఆస్తి. హక్కుదారు రాతపూర్వక అనుమతి లేకుండా సాల్మన్‌కు గాలం వేస్తే క్రిమినల్ నేరం అవుతుంది. నదిని బీట్లుగా విభజించి వారానికో రోజుకో అద్దెకిస్తారు. పోలీసు బీటు వంటిదే ఇదీ: ఫలానా రాయి నుంచి ఫలానా వంతెన దాకా ఆ రోజు మీ హద్దు, దాన్ని దాటకూడదు.

పేరున్న బీట్లలో రోజు అద్దె వందల పౌండ్లలో ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారికి అది అనవసరమని నా అభిప్రాయం. గ్రాంటౌన్, అబర్లౌర్ వంటి ఊళ్లలో స్థానిక గాలపు సంఘాల అధీనంలో మంచి నీళ్లే ఉన్నాయి, వారి టికెట్లు అందుబాటు ధరలో దొరుకుతాయి. ఇతర బీట్లలో ఖాళీలను ఫిష్‌పాల్ వంటి వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. బీటులో గిల్లీ ఉంటే, అంటే ఆ నీటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి అతిథులకు దారి చూపే మనిషి ఉంటే, కనీసం మొదటి రోజైనా ఆయన తోడు తీసుకోండి. ఏ రాయి వెనుక చేప నిలుస్తుందో ఏ పటమూ చెప్పదు.

స్పేలో సాల్మన్ కాలం ఫిబ్రవరి 11 నుంచి సెప్టెంబరు 30 వరకు. టేలో జనవరి 15కే మొదలవుతుంది, ట్వీడ్‌లో నవంబరు 30 దాకా సాగుతుంది. కాబట్టి ఒక నది తేదీలను మరో నదికి అన్వయించకూడదు. బ్రౌన్ ట్రౌట్ కాలం మాత్రం దేశమంతటా ఒకటే, మార్చి 15 నుంచి అక్టోబరు 6 వరకు. ఆదివారం సాల్మన్ వేట చట్టవిరుద్ధం. శనివారం రాత్రికి చేరుకుని ఆదివారం ఏటిలో దిగుదామని విమాన టికెట్లు కొన్నవారిని నేను చూశాను. వారికి గట్టు మీద నడక తప్ప మరేమీ మిగల్లేదు. ఆదివారం ట్రౌట్ పట్టడాన్ని చట్టం నిషేధించదు కానీ చాలాచోట్ల స్థానిక ఆచారం ఒప్పుకోదు, ముందే అడగాలి.

ఏప్రిల్ 1కి ముందు పట్టిన ప్రతి సాల్మన్‌ను స్కాట్లాండ్ అంతటా తప్పనిసరిగా వదిలేయాలి. ఆ తరువాతి నియమాలు ప్రభుత్వం ఏటా ప్రతి నదికీ ఇచ్చే శ్రేణిని బట్టి ఉంటాయి. చేపల పరిస్థితి అతి బలహీనంగా ఉన్న మూడో శ్రేణి నదుల్లో ఏడాది పొడవునా వదలాల్సిందే. చట్టానికి తోడు ఆ నదిలో చేపల సంరక్షణ చూసే నదీ మండలి సూచనలు కూడా ఉంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనను చదివి వెళ్లండి. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 2010లో స్కాట్లాండ్ మొత్తం మీద గాలానికి లక్షకు పైగా సాల్మన్‌లు పడితే 2023లో ఆ లెక్క సుమారు 33 వేలకు దిగింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

రెండో అడుగు: సామాను

సాల్మన్‌కు రెండు చేతులతో పట్టే 13 నుంచి 15 అడుగుల రాడ్ కావాలి. ఒక్కటే కొనదలిస్తే 14 అడుగులది, 9 లేదా 10 నంబరు లైనుకు (నంబరు పెరిగేకొద్దీ లైను బరువు పెరుగుతుంది) సరిపోయేది తీసుకోండి. రీలులో లైను వెనుక కనీసం 150 మీటర్ల సన్నటి బ్యాకింగ్ దారం ఉండాలి, ఎందుకంటే తాజాగా సముద్రం నుంచి వచ్చిన చేప ఒక్క పరుగులో లైనంతా లాక్కుపోగలదు. కొసన 15 పౌండ్ల బరువును తట్టుకునే నైలాన్ చాలు. ట్రౌట్‌కు ఒంటిచేతి 9 అడుగుల రాడ్, 5 నంబరు తేలే లైను, పది పన్నెండు అడుగుల లీడర్ (లైనుకూ ఎరకూ మధ్య కట్టే సన్నటి దారం), కొసన నాలుగైదు పౌండ్ల నైలాన్ సరిపోతాయి.

ఎర అంటే ఇక్కడ వానపాము కాదు, ఫ్లై. గాలపు ముల్లుకు ఈకలు, వెంట్రుకలు, జరీపోగు చుట్టి చేసిన కృత్రిమ ఎర అది. చాలా బీట్లలో అది తప్ప మరొకటి అనుమతించరు. సాల్మన్ ఫ్లైలు వందల రకాలున్నాయి, దుకాణంలో నిలబడితే చేప కంటే ముందు మనమే వాటికి పడతాం. కాస్కేడ్, విల్లీ గన్, స్టోట్స్ టెయిల్, అల్లీస్ ష్రింప్, ఈ నాలుగూ మూడేసి పరిమాణాల్లో ఉంటే ఒక సీజన్‌కు చాలు. రంగు కంటే పరిమాణం, పరిమాణం కంటే అది నీటిలో నడిచే లోతు, వేగం ముఖ్యం. నీటి ఉష్ణోగ్రత సుమారు 9 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువైతే మునిగే కొస ఉన్న లైను, రెండు మూడు అంగుళాల ట్యూబ్ ఫ్లై (సన్నటి గొట్టం మీద కట్టిన ఫ్లై) వాడాలి. అంతకు మించితే తేలే లైను, చిన్న ఫ్లై. చల్లని నీటిలో చేప అడుగునే మందకొడిగా ఉంటుంది, ఎర దాని దగ్గరికి వెళ్లాలి. నీరు వేడెక్కాక అదే పైకి లేచి వస్తుంది. అందుకని ఫ్లై పెట్టె కంటే ముందు ఒక థర్మామీటరు కొనండి.

ఛాతీ వరకు వచ్చే వేడర్లు (నీరు చొరబడని తొడుగులు), నడుముకు బిగించే బెల్టు, ఊతకర్ర, గాలి నింపుకునే లైఫ్ జాకెట్, నీటి మెరుపును తొలగించే పోలరాయిడ్ కళ్లద్దాలు తప్పనిసరి. కళ్లద్దాలు నీటిలోకి చూడడానికే కాదు, గాలి మళ్లించిన ముల్లు నుంచి కంటిని కాపాడడానికి కూడా. వేసవిలో మిడ్జ్ అనే నుసి దోమలు సాయంత్రాల్లో గుంపులుగా కమ్ముకుంటాయి. గట్టు గడ్డిలోని పిడుదుల వల్ల లైమ్ వ్యాధి రావచ్చు కనుక రాత్రి బసకు చేరగానే మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ వెతుక్కోవాలి.

మూడో అడుగు: ఏటిని చదవడం

తెల్లవారి లేవగానే చూడాల్సింది నీటిమట్టం. స్కాట్లాండ్ పర్యావరణ రక్షణ సంస్థ సెపా నదుల మట్టాలను ఆన్‌లైన్‌లో పెడుతుంది. వరద పెరుగుతున్నప్పుడు ఆకులు, కొమ్మలు, మురికి కొట్టుకొస్తాయి, ఆ వేళ వేట దండగ. వరద తీసి నీరు టీ డికాక్షన్ రంగుకు తేరుకుంటున్న మొదటి ఒకటి రెండు రోజులే సాల్మన్‌కు బంగారం లాంటి సమయం. పైకి కదిలిన చేపలు మడుగుల్లో ఆగి కుదురుకునేది అప్పుడే. ఆ టీ రంగు కొండల మీది పీట్ నేల నుంచి, అంటే సగం కుళ్లిన మొక్కల పొరల నుంచి దిగేది, దాన్ని మురికి అనుకోకూడదు.

ఇప్పుడు మడుగు వైపు చూడండి. పైన నీరు ఇరుకుగా దూకే చోటు మెడ, మధ్యలో లోతైన చోటు పొట్ట, కింద నీరు పలచబడి మళ్లీ వేగం పుంజుకునే చోటు తోక. సాల్మన్ నిలబడేది మనిషి మామూలుగా నడిచే వేగంతో నీరు పారే చోట, నడుము నుంచి తల మునిగేంత లోతులో, పెద్ద రాయికి ముందో పక్కనో. రాయి వెనుక సుడి తిరిగే నిశ్చల జలంలో ఉంటుందని కొత్తవారు అనుకుంటారు కానీ అక్కడ అరుదు. ఉదయం, సాయంత్రం మడుగు తోకను వదలొద్దు: కిందనున్న వడిని ఎక్కి అలసి వచ్చిన చేప మొదట ఆగేది అక్కడే.

ట్రౌట్ కూర్చునే చోటు వేరు. తిండి కొట్టుకొచ్చే వడికీ, శ్రమ లేకుండా నిలవగలిగే మెల్లని నీటికీ మధ్య గీత గీసినట్టు కనిపించే అంచు దాని విస్తరి. చెట్టుకొమ్మ నీడలో, గట్టుకు జానెడు దూరంలో కూడా ఉంటుంది. అందుకే సాల్మన్ కోసం తొందరపడి మోకాలి లోతుకు దిగినవారు తరచూ ట్రౌట్ల మీదే నడుస్తుంటారు.

నాలుగో అడుగు: నీటిలోకి దిగడం

స్పే అడుగున గుండ్రటి రాళ్లు సబ్బు రాసినట్టు జారతాయి, నీరు తోస్తూనే ఉంటుంది. ఊతకర్రను ఎగువ వైపు ఆనించి, కర్రా రెండు కాళ్లూ కలిసిన ముక్కాలి పీటలో ఒక కాలు మాత్రమే కదులుతున్నట్టుగా, పక్క అడుగులతో వెళ్లాలి. కాళ్లు మెలిపడేలా వేయకూడదు. తిరిగి రాలేని చోటికి దిగువ దిశగా దిగకూడదు, ఎందుకంటే వెనక్కి రావడమంటే ఎదురు నీటిలో ఎక్కడమే. జారి పడితే నిలబడాలని పెనుగులాడకుండా వెల్లకిలా తేలి, పాదాలు దిగువకు పెట్టి, ఒడ్డు వైపు ఏటవాలుగా కొట్టుకుపోవాలి. గట్టు నుంచే వేట సాధ్యమైతే దిగకపోవడమే మేలు.

ఐదో అడుగు: విసరడం

వెనుక చెట్లు, నిటారైన గట్టు ఉన్నచోట లైనును వెనక్కి చాపే వీలు ఉండదు. ఆ ఇబ్బందిలోంచి పుట్టిందే స్పే విసురు: లైను పూర్తిగా వెనక్కి పోదు, కొస నీటిని అంటిపెట్టుకుని ఉండగానే ముందుకు ఎగురుతుంది. ఏ విసురు ఎంచుకోవాలన్నది గాలి తేలుస్తుంది. గాలి ఎగువకు వీస్తుంటే సింగిల్ స్పే, దిగువకు వీస్తుంటే డబుల్ స్పే. ముల్లు ఎప్పుడూ గాలి తోసుకుపోయే వైపునే ఉండాలి, గాలి మన మీదికి తెచ్చే వైపు ఉండకూడదు. ఇది తప్పితే ఫ్లై చెవిలోకి వస్తుంది.

మొదట నేర్చుకోదగింది డబుల్ స్పే, ఎందుకంటే దీనికి తొందర లేదు. నీరు మన ఎడమ నుంచి కుడికి పారుతోందనుకుందాం, కుడిచేయి పైన. లైను కుడి పక్కన దిగువకు చాపుకొని ఉంది. రాడ్ కొనను నీటి దాకా దించి, నెమ్మదిగా పైకెత్తుతూ ఎగువకు, అంటే ఎడమకు తీసుకెళ్లి కిందికి వాల్చండి. లైను మన ముందు అడ్డంగా పడుతుంది, ఫ్లై మాత్రం కుడివైపు ఒక రాడ్ పొడవు దూరంలోనే ఆగాలి. ఇప్పుడు రాడ్‌ను అదే దారిలో కుడికి తిప్పి తీసుకురండి. లైను నీటి మీద నుంచి తడిబట్ట వలిచినట్టు ఊడుతూ తెల్లటి నురుగు చార రాస్తుంది. కుడి భుజం వెనుక లైను ఇంగ్లీషు డి అక్షరంలా వంపు తిరిగినప్పుడు క్షణం ఆగి, పైచేయిని కొద్దిగా నెట్టి కిందిచేయిని పొట్ట వైపు లాగండి. బలమంతా ఆ కిందిచేతిదే. పైచేత్తో బాదేవారి లైను కుప్పగా ముందు పడుతుంది. ఈ విసురు పచ్చిక మీద రాదు, నీటి పట్టు కావాలి. అరపూట శిక్షకుడి దగ్గర నేర్చుకుంటే వారం రోజుల కష్టం తప్పుతుంది.

ఆరో అడుగు: మడుగును దువ్వడం

సాల్మన్ వేటలో మడుగును పైనుంచి కిందికి దువ్వెన పెట్టినట్టు దువ్వాలి. మెడ దగ్గర పొట్టి లైనుతో మొదలుపెట్టి, దిగువకు ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో విసరండి. లైను నీటిలో పడగానే దాని నడుమను ఒకసారి ఎగువకు సర్దితే ఫ్లై వేగం తగ్గుతుంది. తరువాత చేయాల్సిందేమీ లేదు: ఫ్లై తనంతట తాను ఏటికి అడ్డంగా విల్లులా ఈదుకుంటూ మనకు సూటిగా దిగువకు వస్తుంది. అక్కడ రెండు క్షణాలు ఆగనిచ్చి, లైను కొంత లాగి, ఒక మీటరు దిగువకు నడిచి మళ్లీ విసరండి. ఒకేచోట నిలబడి పదిసార్లు విసరడం వల్ల ఆకలి లేని చేపకు ఆకలి పుట్టదు. తిండి మానేసిన చేప అసలు ఎందుకు నోరు తెరుస్తుందన్నది నేటికీ గిల్లీల వాదులాటే. కోపమనీ, పాత అలవాటనీ, తన చోటు కాపాడుకోవడమనీ అంటారు. కారణం ఏదైనా, చేప ముందు నుంచి ఫ్లై కొత్తగా, ఒక్కసారిగా దాటాలి.

అది అందుకునే తీరు ఇలా ఉంటుంది. ఫ్లై సగం దూరం వచ్చాక లైను ఉన్నట్టుండి బరువెక్కుతుంది, రాయికి తగిలిందేమో అనిపిస్తుంది. ఆ రాయి కదులుతుంది. రీలు ఒకటి రెండు సార్లు కరకరమంటుంది. ఆ క్షణంలో చేతులు కట్టేసుకోవడమే అసలు విద్య. సాల్మన్ ఫ్లైను నోట పట్టి వెనక్కి తిరిగి తన చోటికి దిగుతుంది. ఆ తిరగడంలోనే ముల్లు దాని దవడ మూలలో దిగుతుంది. తిరగకముందే రాడ్ ఎత్తితే నోట్లోంచి ఫ్లైను మనమే లాగేసినట్టు. నా మొదటి సాల్మన్‌ను నేను సరిగ్గా అలాగే పోగొట్టుకున్నాను. చిన్ననాటి నుంచి చెరువులో బెండు మునగగానే గాలం లాగిన చెయ్యి కదా, అది నా మాట వినలేదు. పక్కనున్న గిల్లీ ఏమీ అనలేదు, టోపీ సవరించుకుని ఏటి వైపు చూశాడు. అందుకే వేలి కింద రెండు మూడు అడుగుల లైనును వదులుగా పట్టుకోండి, చేప దాన్ని తీసుకుపోనివ్వండి, లైను రీలు నుంచి బిగిసి కదిలాక మాత్రమే రాడ్ ఎత్తండి.

తరువాత వీలైనంతవరకు చేపకు ఎదురుగానో, దాని కంటే దిగువకో చేరుకోండి; అప్పుడది మనతో పాటు ఏటితోనూ పెనుగులాడాల్సి వస్తుంది. పరుగెత్తితే పోనివ్వాలి, ఆగితే లాగాలి, గాలిలోకి ఎగిరితే రాడ్ కొన వంచి లైను సడలించాలి. గంటల తరబడి ఆడించడం గొప్ప కాదు. అలసి చితికిన చేపను వదిలినా బతకదు.

ఏడో అడుగు: ట్రౌట్ ముందు చేతులు మార్చుకోవడం

మధ్యాహ్నం సాల్మన్ మౌనం వహించినప్పుడు ఒంటిచేతి రాడ్ తీయండి. మార్చి చివర, ఏప్రిల్‌లో పన్నెండు, రెండు గంటల మధ్య మార్చ్ బ్రౌన్ అనే ఈగలు నీటి నుంచి గుంపుగా పైకి లేస్తాయి, పది నిమిషాల్లో ఆగిపోతాయి, మళ్లీ లేస్తాయి. అప్పటిదాకా నిర్జీవంగా ఉన్న నీటి మీద ఉంగరాలు పుడతాయి. వేసవిలో ఈ సందడి సాయంత్రానికి మారుతుంది.

ట్రౌట్ ఎగువకు ముఖం పెట్టి ఉంటుంది కనుక దాని వెనుక నుంచి, అంటే దిగువ నుంచి వంగి వెళ్లాలి. ఒక్క చేపను ఎంచుకోండి. ఉంగరం లేచిన చోటికి రెండు మీటర్లు ఎగువన పొడి ఫ్లైను, అంటే నీటి మీద తేలేదాన్ని, దూదిపింజలా దించండి. అది చుట్టూ ఉన్న నురుగు బుడగల వేగంతోనే కొట్టుకు రావాలి. లైను లాగడం వల్ల దాని వెనుక సన్నని గీత పడిందంటే ఆ చేప ఆ పూటకు మనది కాదు. నోరు ఫ్లై మీద మూతపడ్డాక ఒక్క ఊపిరి ఆగి రాడ్‌ను మృదువుగా ఎత్తండి. ఇక్కడ ఎత్తాలి, ఎందుకంటే ట్రౌట్ ఇది తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. ఉంగరాలు లేనప్పుడు బరువు చుట్టిన నిమ్ఫ్‌ను (నీటి అడుగున బతికే ఈగ పిల్లను పోలిన ఫ్లైను) అడుగున దొర్లిస్తూ అదే విధంగా ఎగువ నుంచి రానివ్వాలి. వరుసగా రెండు రోజులు ట్రౌట్ పట్టినవారికి సాల్మన్ మడుగు చదవడం వస్తుంది, తిరగేస్తే రాదు. అందుకని కొత్తవారు ముందు ట్రౌట్ కాలానికే వెళ్లడం మంచిదంటాను.

స్పేకు మరో ప్రసిద్ధి సీ ట్రౌట్. బ్రౌన్ ట్రౌట్ జాతిదే, సముద్రానికి వెళ్లి వెండిరంగుతో తిరిగి వస్తుంది. జూన్, జులై రాత్రుల్లో ఆకాశం పూర్తిగా చీకటి పడని ఆ దేశంలో, రాళ్ల రంగులు కంటికి మాయమయ్యేదాకా ఆగి, మడుగు తోకలో నెమ్మదిగా ఫ్లైను అడ్డంగా రానివ్వాలి. టార్చి నీటి మీద పడకూడదు. రాత్రి దిగబోయే చోటును పగలే నడిచి చూసుకోవాలి.

ఎనిమిదో అడుగు: గుర్తించడం, వదలడం

చేతిలో ఉన్నది సాల్మనో సీ ట్రౌటో తెలియకపోతే నియమం పాటించలేం. సాల్మన్ తోక అంచు లోపలికి వంగి, తోక మొదలు సన్నగా పిడికిలికి పట్టు దొరికేలా ఉంటుంది. సీ ట్రౌట్ తోక చదునుగా, మొదలు లావుగా ఉండి చేయి జారుతుంది. సాల్మన్ పైదవడ కంటి వెనుక అంచు దగ్గర ఆగుతుంది, సీ ట్రౌట్‌ది దాన్ని దాటుతుంది. వసంతంలో బక్కచిక్కి, మొప్పల్లో పురుగులు పట్టి కనిపించేది కెల్ట్, అంటే గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి పోతున్న సాల్మన్. దాన్ని ఎప్పుడూ వదలాల్సిందే. 2017 నుంచి బేసి సంవత్సరాల్లో పసిఫిక్ మహాసముద్రపు పింక్ సాల్మన్‌లు ఈ నదుల్లోకి వస్తున్నాయి. తోక మీద పెద్ద నల్లమచ్చలుంటే అదే; దాన్ని తిరిగి వదలకుండా నదీ మండలికి తెలియజేయాలి.

వదలడం ముల్లు ఎంచుకోవడంతోనే మొదలవుతుంది: మొన దగ్గర వెనుతిరిగి ఉండే చిన్న కొక్కేన్ని నొక్కేసిన ఒంటి లేదా జంట ముల్లు వాడండి. ముడులు లేని మెత్తటి చేతివలలో చేపను నీటిలోనే ఉంచి, ఫోర్సెప్స్‌తో ముల్లు తీయండి. ఫోటో కావాలంటే తడిచేతులతో, సగం మునిగి ఉండగానే తీయండి. పొలుసుల మీది జిగురు పొర చెదిరితే పుండ్లు పడతాయి. తరువాత దాని తల ఎగువకు తిప్పి, తోక మొదలు పట్టుకుని, అది తానుగా తన్నుకుని పోయేదాకా ఆగండి. ముందుకూ వెనక్కూ ఊపకూడదు. నీరు 18 డిగ్రీలు దాటిందంటే ఆలోచించుకోవాలి, 20కి చేరిందంటే ఆ రోజుకు రాడ్ మడిచేయాలి.

చివరగా రెండు పనులు మిగులుతాయి. పట్టిన ప్రతి చేప జాతి, బరువు, మడుగు పేరు, వదిలిందీ లేనిదీ బీటు పుస్తకంలో రాయాలి. ఏమీ పడకపోతే అదీ రాయాలి. వేడర్లు, చేతివల, లైను మరో నదికి తీసుకెళ్లే ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ముఖ్యంగా విదేశాల నుంచి తెచ్చుకున్నవైతే. నార్వే నదుల్లో సాల్మన్ పిల్లలను తుడిచిపెట్టిన గైరోడాక్టిలస్ సలారిస్ అనే పరాన్నజీవి బ్రిటన్‌కు ఇంకా చేరలేదు. తడి బూటులో అది రావచ్చు, పూర్తిగా ఎండిన బూటులో బతకదు.